డ్రెస్డెన్‌లో ఒక సెమెస్టర్: ముందు అడ్రస్, తర్వాతే మిగతావన్నీ

జర్మనీలో ఒక సెమెస్టర్ చదవడానికి వెళ్ళేవాళ్ళు నన్ను మొదట చలి గురించి, ఆ తర్వాత తిండి గురించి అడుగుతుంటారు. నేను మాత్రం ముందు ఇంటి సంగతే చెబుతాను. అక్కడ ప్రతి పనీ మన అడ్రస్‌తోనే మొదలవుతుంది.

2024 అక్టోబరులో మొదలైన వింటర్ సెమెస్టర్‌కి నేను డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా చేరాను. అద్దె ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసుకు వెళ్ళి పేరు నమోదు చేయించుకోవాలి. దీన్ని అన్‌మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టుతో పాటు, "ఈ మనిషి మా ఇంట్లో ఉంటున్నారు" అని ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కూడా అడుగుతారు. ఆ నమోదు ఉంటే బ్యాంకు ఖాతా సులువుగా తెరవొచ్చు. ఖాతా తెరిస్తేనే, వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోనిచ్చే ఖాతాలో) వేసిన మన డబ్బు నెలనెలా చేతికొస్తుంది. 2024 సెప్టెంబరు నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. ఈ పనులన్నీ తెమిలేవరకు ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బే దిక్కు. మొదటి నెల అద్దె, అడ్వాన్సు, ఖర్చులకు సరిపడా ఫోరెక్స్ కార్డులో వేసుకుని బయల్దేరండి.

అందుకే రూమ్ చూసేటప్పుడు అద్దె కంటే ముందు "నమోదుకి కాగితం ఇస్తారా?" అని అడగండి. నోయ్‌స్టాట్ పేటలో నేను మొదట దిగిన హాస్టల్ శుభ్రంగా ఉంది, వంటగది ఉంది, ట్రామ్ దగ్గర. నాలుగు రాత్రులు తలదాచుకోవడానికి దానికి వంక పెట్టలేను. కానీ అలాంటి చోటు అడ్రస్‌గా పనికిరాదు. అసలు హాస్టల్ అవసరం ఎందుకు వస్తుందంటే, విద్యార్థి వసతిగృహాల తాళాలు పని దినాల్లో, అదీ ఆఫీసు వేళల్లోనే ఇస్తారు. శనివారం దిగితే సోమవారం దాకా ఆగాల్సిందే. అక్టోబరు 3 జాతీయ సెలవు, ఆ రోజూ అన్నీ మూతే.

నా ఓటు స్టూడెంటెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవల సంస్థ నడిపే వసతిగృహాలకే. నాకు సొంత గది దొరికింది, వంటగది మాత్రం నలుగురిదీ. అద్దె 300 యూరోల చుట్టుపక్కల. దుప్పటి, దిండు, గిన్నెలు మనవే. రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు. చెత్త కాగితానికొక డబ్బా, ప్లాస్టిక్‌కొకటి, తిండి తొక్కలకొకటి. మొదట్లో విసుగొచ్చింది కానీ పద్ధతి మంచిది. అడ్మిషన్ లెటర్ వచ్చిన రోజే అప్లై చేయండి, ఆలస్యమైతే గదులుండవు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఒక ప్రైవేటు కంపెనీ వాళ్ళ ఫర్నిష్డ్ గది తీసుకుంది. చూడ్డానికి హోటల్‌లా ఉండేది, అద్దె మాత్రం మాకు దాదాపు రెట్టింపు. ఖాళీ చేశాక అడ్వాన్సు వెనక్కి తెచ్చుకోవడానికి నెలల తరబడి మెయిల్స్ రాసింది. నాకైతే ఆ హంగులకు అంత డబ్బు దండగనిపించింది.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా లుఫ్తాన్సా విమానం ఉంది, అక్కణ్ణుంచి డ్రెస్డెన్‌కి రైలు. సూట్‌కేస్‌లో కందిపొడి, ఆవకాయ ఫర్వాలేదు. నెయ్యి, పాలకోవా, పచ్చి కరివేపాకు పెట్టొద్దు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషిద్ధం. మొక్కలకీ ఆకులకీ వేరే సర్టిఫికెట్ కావాలి. అమ్మలు ఇవే పెట్టుకెళ్ళమని పట్టుబడతారు, ముందే నచ్చజెప్పండి.

రవాణా నాకు అన్నిటికంటే నచ్చిన సేవ. సెమెస్టర్ టికెట్‌తో దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళు ఎక్కొచ్చు, ఐసీఈ లాంటి వేగం బళ్ళు తప్ప. నేను వెళ్ళే ముందే, 2024 సెప్టెంబరు 11 తెల్లవారుజామున, ఎల్బ నది మీది కరోలా బ్రిడ్జిలో ట్రామ్ వెళ్ళే భాగం కూలిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. దాంతో ట్రామ్‌లన్నీ వేరే దారి పట్టాయి. అయినా యాప్‌లో చూపించిన టైముకే వచ్చేవి.

చదువు విషయంలో అలవాటు పడటానికి టైం పట్టింది. ఒక్కో క్లాసు 90 నిమిషాలు, మొదటిది ఉదయం 7.30కి. డిసెంబరులో సూర్యుడు కనిపించేది ఎనిమిదింటికి, సాయంత్రం నాలుగింటికే చీకటి. అటెండెన్స్ అడిగేవారు లేరు, మధ్యలో మిడ్ పరీక్షలు లేవు. చాలా సబ్జెక్టుల్లో చివర్లో ఒకే పరీక్ష. దానికీ విడిగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, ఆ గడువు దాటితే రాయనివ్వరు. మార్కుల్లో 1.0 అత్యుత్తమం, 4.0 వస్తే పాస్. ఆ చీకటి నెలల్లో నన్ను నిలబెట్టింది ఎస్‌ఎల్‌యూబీ అనే యూనివర్సిటీ లైబ్రరీ. పెద్ద రీడింగ్ హాలు నేల కింద ఉంటుంది, పైనున్న అద్దాల కప్పులోంచి వెలుతురు దిగుతుంది. మాయా నాగరికత నుంచి మిగిలిన నాలుగు రాతప్రతుల్లో ఒకటి ఆ లైబ్రరీ మ్యూజియంలోనే ఉంది.

ఆదివారం దుకాణాలన్నీ మూత. మెయిన్ స్టేషన్‌లో కొన్ని తెరిచే ఉంటాయి కానీ ధరలు ఎక్కువ. అందుకే ఆదివారాలు నేను ఎస్1 రైలెక్కి కుర్‌ఓర్ట్ రాథెన్‌లో దిగి, పడవ మీద ఎల్బ దాటి, బస్టై వంతెన దాకా కొండెక్కేదాన్ని. రాతి స్తంభాల మధ్య కట్టిన ఆ వంతెన 1851 నాటిది, చూడ్డానికి టికెట్ లేదు. అందరూ ప్రాగ్ వెళ్ళమంటారు. రైల్లో రెండున్నర గంటల లోపే, ఊరు అందంగానే ఉంది, కానీ జనం, ఖర్చు. నన్నడిగితే బస్టైకే రెండుసార్లు వెళ్ళండి.

ఇక్కడ విదేశీయులకు ఇబ్బంది ఉంటుందా అని మా నాన్నగారు చాలా టెన్షన్ పడ్డారు. వలసలకు వ్యతిరేకంగా పెగిడా ర్యాలీలు 2014లో మొదలైంది ఈ ఊళ్ళోనే, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. నన్నెవరూ ఏమీ అనలేదు. అయినా రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా తిరగడం తగ్గించుకున్నాను. ఊరికి ఇంకో ముఖం కూడా ఉంది. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబుదాడిలో ఈ ఊరు కాలిపోయింది. అప్పుడు కూలిన ఫ్రావెన్‌కిర్షె చర్చిని తిరిగి కట్టి 2005లో తెరిచారు. ఏటా ఆ తేదీన జనం చేయీ చేయీ పట్టుకుని పాత పట్నం చుట్టూ నిలబడతారు. 2025లో అది 80వ ఏడు. నా పక్కనున్న పెద్దావిడ ఏ దేశమని కూడా అడగకుండా నా చెయ్యి పట్టుకుంది. రాత్రి 9.45కి చర్చిల గంటలన్నీ మోగాయి.

జబ్బు చేస్తే కంగారు పడొద్దు. ఇన్సూరెన్స్ లేనిదే యూనివర్సిటీలో చేర్చుకోరు కాబట్టి అది ఎలాగూ ఉంటుంది. డాక్టర్లు లేని వేళల్లో 116117, ప్రాణం మీదికొస్తే 112. యాంటీబయాటిక్స్ చీటీ లేకుండా అమ్మరు, మనవాళ్ళకి ఇది కొత్త.

చివరిగా, మీ కాలేజీతో ముందే తేల్చుకోవాల్సిన సంగతి. వాళ్ళ వింటర్ సెమెస్టర్ మార్చి 31 దాకా ఉంటుంది, పరీక్షలు ఫిబ్రవరిలో. అప్పటికి మన దగ్గర రెండో సెమెస్టర్ సగానికొస్తుంది. మార్కుల జాబితా చేతికి రావడానికి ఇంకొన్ని వారాలు. ఏ సబ్జెక్టుకి ఏది సమానమో బయల్దేరేముందే లెర్నింగ్ అగ్రిమెంట్ మీద రాయించి, మీ హెచ్‌ఓడీ సంతకం చేయించుకోండి.