బీఎస్సీ పిల్లలకి వేసవి రీసెర్చ్ ఫెలోషిప్, ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్: వాడి చూసినవాళ్ళ రివ్యూ

డిగ్రీలో సైన్స్ చదివేవాళ్ళకి డబ్బులిచ్చి మరీ రీసెర్చ్ నేర్పించే స్కీములు మన దేశంలో ఉన్నాయి, కానీ జిల్లాల్లోని డిగ్రీ కాలేజీల్లో చాలామందికి ఆ కబురే చేరదు. ఫోన్ల గురించి, బిర్యానీల గురించి ఇన్ని రివ్యూలు ఉన్నాయి కానీ వీటి గురించి తెలుగులో వెతికితే సరిగ్గా ఏమీ దొరకలేదు, అందుకే కూర్చుని రాస్తున్నా. నేను సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ చేశాను, మా చెల్లి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ తీసుకుంటోంది. రెండూ మా ఇంట్లో చూసినవే.

ముందు ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా (ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ), ప్రయాగ్‌రాజ్‌లోని నాసి (నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్), ఈ మూడు అకాడమీలూ కలిసి నడుపుతాయి. వేసవిలో రెండు నెలలు ఒక సైంటిస్ట్ దగ్గర పని చేయాలి. ఈ మధ్య ఏళ్ళలో నెలకి 12,500 రూపాయలు ఇస్తున్నారు, రానుపోను రైలు చార్జీ కూడా ఒక పరిమితి వరకు ఇస్తారు. ఎంట్రన్స్ పరీక్ష లేదు. మార్కుల వివరాలు, ఏం చేయాలనుకుంటున్నారో చెప్పే చిన్న రైటప్, మీకు పాఠం చెప్పిన లెక్చరర్ ఒకరి రికమెండేషన్ లెటర్, అంతే. ఎంపికైతే దేశంలో ఎక్కడికైనా పంపొచ్చు. మనవాళ్ళకి దగ్గర్లో అంటే హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ అనే కేంద్ర పరిశోధన సంస్థలు, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి, అటు తిరుపతిలో సైన్స్ చదువు, పరిశోధన రెండూ నడిపే ఐసర్ ఉంది.

నాకు హైదరాబాద్‌లోనే ఒక కెమిస్ట్రీ ల్యాబ్ వచ్చింది. అక్కడ నేర్చుకున్న అసలు విషయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ స్కీము విలువ అంతా అందులోనే ఉంది.

మన డిగ్రీ ప్రాక్టికల్స్ ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. సాల్ట్ అనాలిసిస్‌లో ఏ సాల్ట్ ఇచ్చారో అటెండర్‌ని అడిగితే చెప్పేస్తాడు, తర్వాత బ్రౌన్ రింగ్ వచ్చినా రాకపోయినా రికార్డులో మాత్రం వచ్చిందని రాస్తాం. టైట్రేషన్‌లో సీనియర్ల రీడింగులు చూసి మన రీడింగులు సర్దుతాం. జవాబు ముందే ఉంటుంది, ప్రయోగం దాని వెనకాల నడుస్తుంది. ల్యాబ్‌లో ఇది పూర్తిగా తిరగబడింది. మిశ్రమంలో ఏమేం ఉన్నాయో విడివిడి మచ్చలుగా చూపించే టీఎల్‌సీ ప్లేటు మీద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, కేపిలరీతో చుక్క పెట్టి, సాల్వెంట్‌లో నిలబెట్టి, అది పైకి పాకాక తీసి యూవీ లాంప్ కింద పెడితే ఒక్క మచ్చ కనిపించాల్సిన చోట మూడు కనిపించాయి. పరిగెత్తుకెళ్ళి సార్‌కి చూపిస్తే ఆయన తప్పనలేదు, ఒప్పనలేదు. "ఎందుకు వచ్చాయంటావమ్మా?" అని అడిగి, నేను చెప్పేదాకా ఆగారు. రియాక్షన్ పూర్తి కాలేదేమో అన్నాను. అయితే అది ఎలా తేలుస్తావు అన్నారు. నాకు పాఠం చెప్పినవాళ్ళు ఎవరైనా జవాబు తమకే తెలియని ప్రశ్న నన్ను అడగడం అదే మొదటిసారి. ఇంకా స్టార్టింగ్ మెటీరియల్, అంటే రియాక్షన్‌కి మొదట తీసుకున్న పదార్థం, మిగిలే ఉందా అని పక్కపక్కన చుక్కలు పెట్టి పోల్చి చూడటం ఒక పీహెచ్‌డీ అక్క దగ్గరుండి నేర్పించింది, ఆ పోలిక అర్థమయ్యాక మిగతా రోజులన్నీ ఒక దారిలో పడ్డాయి.

తెలుగు మీడియం నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంగ్లీష్ టెన్షన్ ఉంటుంది, నాకూ ఉంది. ల్యాబ్‌లో ఎవరూ గ్రామర్ చూడరు, ఏం చేశావు, ఏం వచ్చింది, ల్యాబ్ నోట్‌బుక్‌లో తేదీ వేసి రాశావా, ఇదే చూస్తారు. చివర్లో ఇవ్వాల్సిన రిపోర్టుకి మాత్రం కష్టపడాలి, కాబట్టి మొదటి వారం నుంచే రోజూ నాలుగు లైన్లు రాసి పెట్టుకోండి.

లోటు ఏంటంటే, ఈ స్కీము కాలేజీ మీద చాలా ఆధారపడుతుంది. రికమెండేషన్ ఇచ్చే లెక్చరర్‌కి దీని గురించి తెలియకపోతే రెండు ముక్కలు రాసి పంపేస్తారు. మా కాలేజీ ఆఫీసులో అయితే రెండు నెలలు వెళ్ళడానికి పర్మిషన్ లెటర్ అడిగితే ఇలాంటిది ఎప్పుడూ ఇవ్వలేదని తిప్పారు, సెమిస్టర్ పరీక్షలు అడ్డొస్తాయన్నారు, చివరికి మా మేడమ్ వెంట వచ్చి గట్టిగా అడిగితే గానీ సంతకం పడలేదు. అలాంటి మేడమ్ లేని కాలేజీలో చదివే అమ్మాయి పరిస్థితి ఏంటి? పెద్ద సిటీ కాలేజీల పిల్లలకి ఇవన్నీ సీనియర్లే చెప్తారు. అదే తేడా.

ఇక ఇన్‌స్పైర్. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ 2008 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది, అందులో డిగ్రీ, పీజీ వాళ్ళకిచ్చే స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000. అందులో 60,000 నేరుగా చదువుకి, 20,000 వేసవి ప్రాజెక్టుకి. గరిష్ఠంగా ఐదేళ్ళు వస్తుంది, అంటే ఎమ్మెస్సీ దాకా. మామూలు ఇంట్లో ఈ డబ్బు ఎంత పని చేస్తుందో మా ఇంట్లో చూశాను. మా చెల్లి హాస్టల్ ఫీజు, పుస్తకాలు దీంతోనే నడుస్తున్నాయి, "బీఎస్సీ చేసి ఏం చేస్తుంది" అనే బంధువుల నోళ్ళు కూడా మూతపడ్డాయి.

కానీ గేటు ఇరుకు. ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉండాలి, లేదా జేఈఈ, నీట్ లాంటివాటిలో మొదటి 10,000 ర్యాంకుల్లో ఉండి కూడా బేసిక్ సైన్స్‌లో చేరాలి. ఇంజినీరింగ్, మెడిసిన్ వాళ్ళకి ఇది లేదు. మన రెండు రాష్ట్రాల్లో ఇంటర్‌లో అన్ని మార్కులు వచ్చే పిల్లలు ఎక్కువగా ఎటు వెళ్తారో చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్ళు ఫస్టియర్‌లోనే ఎంసెట్ కోచింగ్‌లో వేసేస్తారు. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) ఇష్టపడి చేరి, డిగ్రీలోకి వచ్చాక నిజంగా వికసించే పిల్లకి ఇంటర్ మార్కుల దగ్గరే తలుపు మూసేస్తే ఎలా? ఇంతకుముందు కేవీపీవై (కిశోర్ వైజ్ఞానిక్ ప్రోత్సాహన్ యోజన) అనే కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్ ఉండేది, 1999లో మొదలైంది, దానికి వేరే పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి ఆసక్తిని బట్టి తీసుకునేవారు. 2022లో దాన్ని ఇన్‌స్పైర్‌లో కలిపేశారు. పరీక్ష రాసి నిరూపించుకునే ఆ దారి మూసుకుపోవడం నాకు ఇప్పటికీ బాధే. డిగ్రీ మొదటి ఏడాది మార్కులు, ఒక చిన్న ప్రాజెక్టు చూసి ఇచ్చే సీట్లు కొన్నైనా పెట్టాలి.

నా లెక్కలో ఫెలోషిప్‌కి 5కి 4.5, ఇన్‌స్పైర్‌కి డబ్బు పరంగా 5, అందుబాటు పరంగా 2.5.

అప్లై చేసేవాళ్ళకి రెండు మాటలు. అక్టోబర్ నుంచే అకాడమీ వెబ్‌సైట్ చూస్తూ ఉండండి. రైటప్‌లో "చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం" అని రాయకండి, మీ ప్రాక్టికల్స్‌లో అర్థం కాని ఒక్క విషయం తీసుకుని దాన్ని ఎలా తేల్చాలనుకుంటున్నారో రాయండి. సైంటిస్టుల లిస్టులో పెద్ద పేర్లు ఏరుకోకుండా, వాళ్ళ ల్యాబ్ పేజీ తెరిచి ఇప్పుడు ఏం పని జరుగుతోందో చదివి ఎంచుకోండి. ఎంపికైతే ల్యాబ్ హాస్టల్‌లో గది ఉందో లేదో వెంటనే మెయిల్ చేసి కనుక్కోండి, లేకపోతే బయట పేయింగ్ గెస్ట్ గదికి అడ్వాన్స్ కట్టాల్సి వస్తుంది. లెక్చరర్ దగ్గరికి లెటర్ కోసం వెళ్ళేటప్పుడు మాత్రం ఖాళీ చేతులతో వెళ్ళకండి, రైటప్ ప్రింట్ తీసుకెళ్ళి చదివించండి, అప్పుడే ఆయన మీ గురించి నాలుగు నిజమైన మాటలు రాయగలుగుతారు.