బీరువాలో నాలుగు రక్షణ పుస్తకాలు: మడిపాక్కం ఇంట్లో పదేళ్ల వాడకం తర్వాత

2015 డిసెంబర్ 1 రాత్రి, చెన్నై వరదల్లో, మడిపాక్కంలోని మా ఇంట్లోకి నీళ్లు వచ్చినప్పుడు నేను చేసిన మొదటి పని టీవీని మంచం మీద పెట్టడం. రెండోది, మంచం కూడా మునుగుతుందేమోనని ఆ టీవీని బీరువా మీదకి ఎక్కించడం. ఆ బీరువా కింది అరలోనే ఇంటి కాగితాలు, మా ఆవిడ పదో తరగతి సర్టిఫికెట్, అమ్మ రేషన్ కార్డు ఉన్నాయని తెల్లారాక గుర్తొచ్చింది. అప్పటికి అవి నానిన అప్పడాల్లా ఉన్నాయి.

ఆ అవమానం మీదే ఈ పుస్తకాలు పోగేశాను. ఒకటి డబ్బు పెట్టి తెప్పించిన అమెరికన్ ఇంటి రక్షణ పుస్తకం. మిగతా మూడూ ఊరికే దొరికేవే: అమెరికా సైన్యం వాళ్ల ఎఫ్ఎం 21-76 సర్వైవల్ మాన్యువల్, వాళ్ల విపత్తుల సంస్థ ఫీమా వేసిన ‘ఆర్ యూ రెడీ?’, స్వీడన్ ప్రభుత్వం 2018లో ఇంటింటికీ పంచిన చిన్న పుస్తకం ఇంగ్లీషు ప్రతి. ట్రిప్లికేన్‌లో ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ వేయించాను.

కొన్నదాని సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువ ఆశ పెట్టుకున్నది దాని మీదే. మాజీ సైనికుడు రాశాడు. పేరు చెప్పను, ఆయన తప్పేం లేదు, ఆయన రాసింది మన కోసం కాదు. సగం పుస్తకం తుపాకుల గురించే. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉంది, లైసెన్స్ అడగ్గానే చేతిలో పెట్టరు, నాకూ ఆ సరదా లేదు, కాబట్టి ఆ సగం అలాగే తీసేయొచ్చు. తర్వాత తలుపుల అధ్యాయం. గడియ పడే రేకుని మూడంగుళాల స్క్రూలతో బిగిస్తే అవి ఫ్రేము దాటి గోడలోపలి చెక్కలోకి దిగుతాయట. అక్కడి గోడలు చెక్కవి మరి. మాది ఇటుక గోడలో దింపిన ద్వారబంధం, దాని ముందు ఇనప గ్రిల్లు.

ఇంట్లో ఎవరైనా దూరితే గది మూల ఎలా తిరగాలో కూడా నేర్పాడు. గోడకి ఒరుసుకోకుండా కాస్త ఎడంగా జరిగి, అవతలి వైపుని కొంచెం కొంచెంగా చూసుకుంటూ తిరగాలట. ఒక ఆదివారం అప్పడాల కర్ర పట్టుకుని హాల్లోంచి వంటింటి మూల దాకా సాధన చేశాను. ఎడంగా జరగడానికి చోటుంటే కదా, ఒకవైపు ఫ్రిజ్, ఇంకోవైపు బియ్యం డబ్బా. లోపల పప్పు తాలింపు వేస్తున్న మా ఆవిడ తిరిగి చూసి, ‘‘కర్ర ఇటివ్వండి, చపాతీలు చేయాలి’’ అంది. సాధన అక్కడితో అయిపోయింది. తమాషా ఏంటంటే, అన్ని పేజీలు నేర్పాక ఆయనే ఒక పేరాలో అంటాడు: ఒంటరిగా ఇల్లంతా వెతకొద్దు, ఇంట్లో వాళ్లందరూ ఒకే గదిలో చేరి గడియ పెట్టుకుని పోలీసులకి ఫోన్ చెయ్యండి అని. ఆ పేరా మాత్రం బంగారం. మా ఇంట్లో ఆ గది అమ్మది, కిటికీ వీధివైపు ఉంది కాబట్టి. మంచం పక్కన ఒక ఛార్జరు, ఒక విజిల్, గోడ మీద 112 అని పెద్ద అంకెలు.

ఇంకోటి, చట్టం విషయంలో ఆ పుస్తకాన్ని అస్సలు నమ్మొద్దు. దొంగని ఏం చేసినా చెల్లుతుందన్న ధోరణి అందులో ఉంది. మనకి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఆత్మరక్షణ సెక్షన్లు ఉన్నాయి, హక్కు గట్టిదే, కానీ కాపాడుకోవడానికి ఎంత కావాలో అంతకు మించి దెబ్బ కొట్టకూడదు. పారిపోతున్నవాణ్ని వెంటపడి కొడితే కేసు మన మీదకి వస్తుంది.

నిజం దొంగతనం 2019 సంక్రాంతికి నెల్లూరు వెళ్లినప్పుడు జరిగింది. గ్రిల్లు తాళం కోసి వచ్చి వెండి కుంకుమ భరిణె, రెండు దీపాలు పట్టుకుపోయారు. ఊరెళ్తున్నామని స్టేషన్‌లో చెప్పాల్సింది కదా అన్నాడు వచ్చిన కానిస్టేబుల్. ఆంధ్రాలో అయితే ఎల్‌హెచ్‌ఎంఎస్ అని పోలీసులే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు, మా బావమరిది వాడాడు. ఇక్కడ మాకు పనికొచ్చిన ఉపాయం ఏ పుస్తకంలోనూ లేదు, పై పోర్షన్ అక్క చెప్పింది. ఈ వీధిలో పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ ముగ్గు ఉంటుంది, లేని ఇల్లు ఖాళీ ఇల్లని ఎవరికైనా తెలిసిపోతుంది. ఇప్పుడు మేం ఊరెళ్తే ఆవిడే మా వాకిట్లో ముగ్గేస్తుంది, పాల ప్యాకెట్టు ఆపేస్తాం, గ్రిల్లు తాళం లోపలివైపుకి తిప్పి వేస్తాం.

ఎఫ్ఎం 21-76 చదవడానికి భలే ఉంటుంది, నవలలాగా. భయాన్ని అణుచుకోవడం గురించి మొదట్లో రాసింది బాగుంది. అయితే అది అడవిలో చిక్కుకున్న సైనికుడికి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానప్పుడు మా మెట్ల మీదకి జెర్రిపోతు వచ్చింది. పుస్తకం తీస్తే పాముని ఒలిచి శుభ్రం చేసే బొమ్మ ఉంది! ఫైర్ సర్వీస్‌కి ఫోన్ చేశాం, సాయంత్రానికి వచ్చి పట్టుకెళ్లారు. నవ్వులాటకి కాని విషయం ఒకటుంది. పాము కాటుకి అందులో రాసింది పాత పద్ధతి: కట్టు కట్టడం, విషం పీల్చి తీసే పరికరం. మన డాక్టర్లు ఇప్పుడు ఇవేవీ వద్దంటారు. బిగించి కట్టొద్దు, కొయ్యొద్దు, పీల్చొద్దు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి యాంటీ వెనమ్ ఉన్న ఆస్పత్రికి పరిగెత్తమంటారు. ఆ పేజీ మీద ఎర్ర స్కెచ్ పెన్‌తో అడ్డంగా గీశాను, మీ దగ్గరున్నా గీయండి.

ఫీమా పుస్తకం చప్పగా ఉంటుంది, ఎక్కువ వాడింది మాత్రం అదే. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు, కనీసం మూడు రోజులకి. మేం నలుగురం, అంటే దాదాపు 45 లీటర్లు, మన లెక్కలో రెండు వాటర్ క్యాన్లు, మీద ఒక పెద్ద బిందె. బాత్‌టబ్ నింపుకోమంటుంది. మాకెక్కడిది, బకెట్లు, కుక్కర్లు, చివరికి ఇడ్లీ పాత్ర కూడా నింపాం. నీళ్ల శుద్ధికి లిక్విడ్ బ్లీచ్ చుక్కల లెక్క ఇచ్చారు. మన కిరాణా కొట్లో దొరికే బ్లీచింగ్ పౌడర్‌కి ఆ లెక్క వేయొద్దు. మేం మెడికల్ షాపులో క్లోరిన్ మాత్రలు కొని పెట్టుకున్నాం, గ్యాస్ ఉంటే కాచుకున్నాం. ముఖ్యమైన కాగితాల నకళ్లు తడవని డబ్బాలో పెట్టమన్న సలహా 2015కి ముందు ఎవరైనా చెప్పి ఉంటే సర్టిఫికెట్ల కోసం క్యాంపు ముందు నిలబడేవాణ్ని కాదు. మిచౌంగ్‌కి నీళ్లు గడప దాటకముందే కరెంటు మెయిన్ ఆపేశాను, అదీ అందులో చదివిందే. 2015లో కరెంటు ఉందో లేదో చూడకుండానే నీళ్లలో తిరిగాను, తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

స్వీడన్ పుస్తకం ఇరవై పేజీలే. ఉన్ని బట్టలు, చలి మనకి అక్కర్లేదు. నాకు నచ్చింది పుకార్ల పేజీ: ఇది నిజమా, అభిప్రాయమా, ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు అని అడిగి చూసుకోమంటుంది. 2015లో మొసళ్ల పార్కులోంచి మొసళ్లు తప్పించుకున్నాయని వాట్సాప్ నిండా తిరిగింది, పార్కువాళ్లే కాదని చెప్పాల్సొచ్చింది. మా అమ్మ రెండు రోజులు బాత్రూంకి కూడా టార్చ్ తీసుకుని వెళ్లింది. 2025 మే 7న దేశమంతా 244 జిల్లాల్లో పౌర రక్షణ మాక్ డ్రిల్ అన్నప్పుడు మళ్లీ అదే తంతు, మా అపార్ట్‌మెంట్ కాని గ్రూపుల్లో కూడా నన్ను కలిపి మరీ ఫార్వర్డ్‌లు పంపారు. ఈసారి అమ్మే, ‘‘ఎవరు చెప్పార్రా అది?’’ అని అడిగింది. ఆ పేజీని తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించాను కదా, చదివినట్టుంది. 2024లో కొత్త కూర్పు వచ్చింది, ప్రింట్ తీయించేవాళ్లు అదే తీయించుకోండి.

ఫీమాది, స్వీడన్‌ది రెండూ కాగితాల డబ్బాలోనే ఉన్నాయి. సైన్యం పుస్తకం మా అబ్బాయి బొమ్మల కోసం లాక్కున్నాడు. కొన్నది మాత్రం ఎవరికైనా కావాలంటే ఇచ్చేస్తాను, కొరియర్ ఖర్చు మీదే. వాషింగ్ మెషిన్ కాలి కింద రెండేళ్లు ఉంది కాబట్టి వెనక అట్ట కొంచెం నొక్కుకుపోయింది.