కరకంబాడి రోడ్డు నర్సరీలో సక్యులెంట్లు: మొక్కలకి నాలుగు స్టార్లు, లేబుళ్లకి ఒక్కటే

ముందే చెప్పేస్తున్నా. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు షేడ్ నెట్ కట్టుకుని ఉన్న ఈ నర్సరీకి సక్యులెంట్ల కోసం, అంటే మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కల కోసం, నిక్షేపంగా వెళ్లొచ్చు, కాకపోతే ఏ మొక్క ఏదో మీకే కాస్త తెలిసుండాలి. తెలియకుండా వెళ్తే మొక్క బాగానే దొరుకుతుంది, కానీ మీరు అడిగిందీ ఇంటికి తెచ్చుకుందీ ఒకటే అని గ్యారంటీ లేదు. మొక్కల ఆరోగ్యానికి నాలుగు స్టార్లు, ధరలకి నాలుగు, లేబుళ్లకి ఒక్కటి. ఆ ఒక్కటీ కూడా ఏదో ఒకటి రాశారు కదా అని ఇచ్చిందే.

ముందువైపంతా మామూలు సరుకే. మల్లె, నందివర్ధనం, క్రోటన్లు, మామిడి అంట్లు, వాటి మధ్యలో సిమెంటు తొట్లు. సక్యులెంట్లు వెనకాల ఆకుపచ్చ నెట్ కింద ఇనుప బల్లల మీద ఉంటాయి. కొంత బెంగళూరు నుంచి, కొంత కడియం నుంచి లోడు వస్తుందట. నేనెళ్లినప్పుడు సక్యులెంట్లలో ఎక్కువమంది కొనే రెండు రకాల్లో, మూడంగుళాల నల్ల కుండీలో ఉన్న ఎచెవేరియాలు 80 నుంచి 150 రూపాయల మధ్య ఉన్నాయి, హావర్థియాలు 100 లోపే. ఆన్‌లైన్‌లో ఇంత సైజుకి కొరియర్ చార్జీతో కలిపి దీనికి రెట్టింపు అడుగుతున్నారు, పైగా డబ్బా విప్పేసరికి సగం ఆకులు రాలి ఉంటాయి. ఇక్కడ చేత్తో పట్టుకుని చూసి తీసుకోవచ్చు, ఆ ఒక్క కారణం చాలు ఇక్కడిదాకా రావడానికి.

ఇప్పుడు లేబుళ్ల సంగతి. ఒక బల్ల మొత్తానికి కలిపి ‘రోజ్ సక్యులెంట్’ అని ఒకే అట్టముక్క గుచ్చారు. గులాబీ పువ్వు విప్పారినట్టు ఆకులు చుట్టూ పేర్చుకుని ఉండేదేదైనా వీళ్లకి రోజ్ సక్యులెంటే. ఆ మాటకొస్తే మన పెరట్లో కలబంద, చేను గట్టు మీద కిత్తనార కూడా అట్లాగే పెరుగుతాయి, వాటికెవరూ గులాబీ అని పేరు పెట్టలేదు! ఆ ఒక్క బల్ల మీదే ఎచెవేరియా, గ్రాప్టోపెటలమ్, ఆ రెండిటి సంకరం గ్రాప్టోవేరియా, పక్కన హావర్థియా, అన్నీ కలిసి ఉన్నాయి. పక్క బల్ల మీద ఇంకో అట్ట, దాని మీద ‘సెంపర్వివమ్’ అని ఉంది. చూడగానే అనుమానం వచ్చి అక్కడున్న అబ్బాయిని అడిగా, నిజంగా అదేనా అని. “లోడులో అట్లే రాసొచ్చింది అక్కా, మేం అట్లే పెట్నాం” అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం, అతనికి తెలిసింది అంతే.

అది సెంపర్వివమ్ కాదు, ఎచెవేరియానే. ఈ రెండిటికీ గందరగోళం మన దగ్గర మొదలైంది కాదు, ఇంగ్లీషు వాళ్లు కూడా రెండిటినీ ‘హెన్ అండ్ చిక్స్’ అనే పిలుస్తారు, తల్లి చుట్టూ పిల్లలు పెడతాయి కాబట్టి. తేడా కావాలంటే ఆకు అంచు చూడండి. సెంపర్వివమ్ ఆకు పలచగా ఉండి, అంచు వెంబడి సన్నటి నూగు ఉంటుంది, వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే బాగా కనిపిస్తుంది. ఎచెవేరియాలో ఎక్కువ వాటికి ఆ అంచు నూగు ఉండదు, ఆకు మందంగా ఉంటుంది, చాలా వాటి మీద తెల్లటి మైనపు పొడి ఉంటుంది. పిల్లలు పెట్టే తీరు కూడా వేరు, సెంపర్వివమ్ పిల్ల సన్నటి తీగ చివర తల్లికి కాస్త దూరంగా వస్తుంది, ఎచెవేరియా పిల్ల తల్లి మొదలుకి అతుక్కుని ఉంటుంది. పూస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఎచెవేరియా ఆకుల మధ్య నుంచి పక్కగా ఒక కాడ వేసి, అయిదు రేకుల చిన్న గంట ఆకారం పూలు పూస్తుంది, మొక్క అట్లాగే బతికుంటుంది. సెంపర్వివమ్‌ది నక్షత్రం లాంటి పువ్వు, రేకులు చాలా ఎక్కువ, పూసిన రోజెట్, అంటే ఆ గులాబీలాంటి ఆకుల గుత్తి, ఆ తర్వాత చచ్చిపోతుంది. కిత్తనార కూడా అంతే కదా, జీవితంలో ఒక్కసారి నిలువెత్తు కాడ వేసి పోతుంది.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ లేబుల్ నిజమై ఉంటే కొన్నవాళ్లే నష్టపోయేవాళ్లు. సెంపర్వివమ్‌లు యూరప్ కొండల్లో మంచు కింద కూడా బతికే రకం, తిరుపతి మే నెల వాటికి సరిపడదు. కాబట్టి సెంపర్వివమ్ కోసం ఊళ్లో వెతుకుతున్నవాళ్లుంటే ఆ ఆశ వదిలేయండి. మరీ ఉబలాటంగా ఉంటే మదనపల్లె, హార్సిలీ హిల్స్ వైపు ఇల్లున్న చుట్టాలకి కొనిచ్చి అక్కడ పెంచుకోమనండి.

ఎచెవేరియాల్లో వీళ్ల దగ్గర నిజంగా బాగున్నవి ఎలిగాన్స్, పర్లే ఫాన్ న్యూరెంబర్గ్, లోలా, బ్లాక్ ప్రిన్స్. వీటిలో పర్లే, లోలా ఒకే ట్రేలో కలిపి పెట్టారు, కొత్తవాళ్లు తప్పకుండా తికమకపడతారు. పర్లే ఆకు వెడల్పు, ఊదా గులాబీ కలిసిన బూడిద రంగు, ఆకు మధ్యలో చిన్న మడత లాంటి గీత, వయసు పెరిగేకొద్దీ కాండం సాగుతుంది. జర్మనీలో రిచర్డ్ గ్రేజర్ అనే ఆయన తయారుచేసిన సంకర రకం ఇది, అందుకే అక్కడి న్యూరెంబర్గ్ ఊరి పేరు. లోలా దానికంటే చిన్నది, లేతది, ఆకులు దగ్గర దగ్గరగా మొగ్గలా ముడుచుకుని ఉంటాయి, చివర సన్నటి ముల్లులాంటి కొస. ఇది కాలిఫోర్నియాలో డిక్ రైట్ చేసిన రకం. ఎలిగాన్స్ మాత్రం మెక్సికోలో సహజంగా పెరిగే జాతి, పాలలో నీలం కలిపినట్టుండే రంగు, అంచులు వెలుగులో కొంచెం పారదర్శకంగా కనిపిస్తాయి.

రంగు చూసి పేరు పెట్టడం మాత్రం మానేయండి, నేను ఎక్కువగా గొంతు చించుకునేది ఈ విషయం మీదే. అదే మొక్క డిసెంబర్‌లో ఎండా చలీ రెండూ తగిలితే గులాబీ రంగుకి తిరుగుతుంది, జూన్‌లో నీడలో పెడితే పచ్చగా, సాగిపోయి, ఎవరి మొక్కో అన్నట్టుంటుంది. నెట్‌లో కనిపించే ఫోటోలన్నీ చల్లటి ఊళ్లలో, మంచి సీజన్‌లో తీసినవి. ఆకు ఆకారం, అంచు, కొస, కాండం పొడుగు, పువ్వు, ఈ అయిదూ చూశాక చివరికి రంగు చూడండి.

పెద్దాయన ఒకరు లోపల కూర్చుని ఉంటారు, ఓనరే అనుకుంటా. ఆయన ఒక తెల్లటి మొక్క చూపించి “ఇది లావీ అమ్మా, 600” అన్నారు. లావీ అంటే కలెక్షన్ చేసేవాళ్లకి తెలుసు, ఎచెవేరియాలోనే ఒక జాతి, మెక్సికోలో వహాకా ప్రాంతంది, ఒళ్లంతా దట్టంగా తెల్లటి పొడి. కానీ లావీ ఆకు చెంచాలా గుండ్రంగా, బొద్దుగా ఉంటుంది. ఈయన చూపించిన దానికి ఆకు కొస సూటిగా పొడుచుకొచ్చి ఉంది, పొడి కూడా పలచగానే ఉంది. ఆ మాటే చెప్తే ఆయన నవ్వి “పేరుతో ఏం పనిలేమ్మా, చావకుండా బతికితే చాలదా” అని అదే మొక్కని 150కి ఇస్తానన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు గానీ, పేరు పనికిరానిదైతే ఆ పేరు చెప్పి 600 ఎందుకు అడిగారో మరి. బేరం ఆడకుండా ఏదీ కొనకండి ఇక్కడ.

హావర్థియా సెక్షన్ మాత్రం చాలా బాగుంది. అపార్టుమెంట్ బాల్కనీ వాళ్లకి, అంటే తూర్పు ఎండ కాసేపు పడి మిగతా రోజంతా నీడ ఉండేవాళ్లకి, ఎచెవేరియా కంటే ఇదే నయం. ఇవి దక్షిణాఫ్రికా మొక్కలు, పొదల నీడలో రాళ్ల సందుల్లో పెరిగే అలవాటు కాబట్టి తక్కువ వెలుతురుకి సర్దుకుంటాయి. తెల్ల చారలుండే జీబ్రా మొక్కని ఇక్కడా ‘ఫాసియాటా’ అనే అమ్ముతున్నారు, దాదాపు అన్నిచోట్లా అట్లాగే అమ్ముతారు, అందులో ఎక్కువ భాగం అటెనువాటానే. గుర్తుపట్టడం తేలిక. ఆకు లోపలివైపు, అంటే మొక్క మధ్యకి తిరిగున్న వైపు, వేలితో తడిమి చూడండి. నున్నగా ఉంటే ఫాసియాటా, అక్కడ కూడా తెల్లటి గరుకు చుక్కలుంటే అటెనువాటా. ఇక్కడున్నవన్నీ తడిమి చూశా, అన్నీ గరుకే. శాస్త్రవేత్తలు 2013లో ఈ రెండిటినీ హావర్థియోప్సిస్ అనే వేరే ప్రజాతిలోకి మార్చేశారు, కాబట్టి పాత పేరు, కొత్త పేరు రెండూ కనిపిస్తే కంగారు పడకండి, మొక్క అదే.

మన ఊరి ఎండ గురించి. మే నెలలో పగలు 40 దాటడం ఇక్కడ మామూలే, కానీ ఎచెవేరియాలకి అసలు కష్టం రాత్రిది. ఈ మొక్కలు నీళ్లు ఆదా చేసుకోవడానికి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి తీసుకుంటాయి. ఎచెవేరియాల్లో ఎక్కువ జాతులు మెక్సికో ఎత్తైన కొండ ప్రాంతాలవి, అక్కడ పగలెంత ఎండైనా రాత్రి చలేస్తుంది. తిరుపతిలో వేసవి రాత్రి మేడ మీద గోడ పట్టుకుంటే ఇంకా కాలుతూనే ఉంటుంది, మొక్కకి ఊపిరి తీసుకునే వీలేదీ. అప్పుడు మీరు జాలిపడి నీళ్లు పోస్తే అడుగు నుంచి కుళ్లు మొదలవుతుంది. అందుకే ఇక్కడ కలెక్షన్ మొదలుపెట్టేవాళ్లు లావీ, అగవోయిడిస్ లిప్‌స్టిక్ అని ఫ్యాన్సీ పేర్ల వెంట పడకుండా ముందు గ్రాప్టోపెటలమ్ పరాగ్వయెన్స్ తీసుకోండి. పేరులో పరాగ్వే ఉన్నా అది మెక్సికో మొక్కే. ఆకులు మందంగా, బూడిద తెలుపులో ఉంటాయి, కాండం సాగి వాలిపోతుంది, ముట్టుకుంటే ఆకు రాలుతుంది, రాలిన ఆకు తేలిగ్గా మళ్లీ మొక్కవుతుంది. పువ్వు నక్షత్రంలా విచ్చుకుని తెల్లటి రేకుల మీద ఎర్రటి చుక్కలుంటాయి, ఎచెవేరియా నుంచి దీన్ని వేరుచేసేది అదే. తర్వాత గ్రాప్టోవేరియాలు, ఆ తర్వాత పర్లే. చలికాలంలో ఈ నర్సరీలో ఏయోనియమ్ కూడా కనిపిస్తుంది, ఎంతో అందంగా ఉంటుంది, కానీ కెనరీ దీవులది, వేసవి వస్తే నిద్రలోకి పోయి ఆకులు రాల్చేసుకుంటుంది, మన వేడికి ఆ నిద్రలోనే పోయే ప్రమాదం ఎక్కువ. నేనైతే కొనను.

నచ్చనివి ఇంకో రెండున్నాయి. పనివాళ్లు పైపుతో మొక్క నెత్తి మీద నుంచే నీళ్లు కొడతారు, ఆకుల మధ్యలో నీళ్లు నిలబడి ఉంటాయి. పైగా కుండీ జరిపేటప్పుడు ఆకులు పట్టుకుని జరుపుతారు. ఆ తెల్ల పొడి ఒకసారి చెరిగితే ఆ ఆకుకి మళ్లీ రాదు, వేలిముద్రలు అట్లాగే ఉండిపోతాయి. ఇక గేటు దగ్గర నీలం, వంకాయ రంగు, మెరుపులు చల్లిన సక్యులెంట్లు పెట్టారు చూడండి, అది రంగు స్ప్రే. నడిమధ్యలో కొత్తగా వచ్చే చిగురు పచ్చగా ఉంటుంది, దాన్ని బట్టి ఇట్టే తెలిసిపోతుంది. రంగు ఆకుకి వెలుతురు అందనివ్వదు. పిల్లలు మారాం చేసినా కొనివ్వకండి.

కొనేముందు మొక్కని మెల్లగా కదిపి చూడండి, వదులుగా ఊగితే వేర్లు లేనట్టే. కింది ఆకులు నీళ్లు పట్టి అద్దంలా కనిపిస్తే వద్దు. ఆకుల సందుల్లో దూది పీచులాంటిది ఉంటే పిండినల్లి, అది మీ ఇంట్లో మిగతా కుండీలన్నిటికీ పాకుతుంది. అన్నీ కొబ్బరి పొట్టులో నాటి ఉంటాయి, నర్సరీకి బరువు తక్కువ, నీళ్లు పోసే పని తక్కువ, మనకి మాత్రం అది తడి ఆరదు. తెచ్చిన వారంలోపే ఆ పొట్టు దులిపేసి, సగానికి పైగా ముతక ఇసుక, ఇటుక ముక్కలు లేదా పెర్లైట్ అనే తేలికైన తెల్ల గుళికలు, మిగతాది ఎర్రమట్టి కలిపి నాటండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుపాను వానలు పట్టినప్పుడు కుండీల్ని సన్‌షేడ్ కిందకి జరపాల్సిందే.

పేరు ఖాయంగా తెలియని మొక్కకి కుండీ మీద ‘ఎచెవేరియా, పేరు తెలియదు, తిరుపతి నర్సరీ’ అని కొన్న నెలతో సహా రాసి పెట్టుకోవడం మేలు. నెట్‌లో ఫోటో పోలి ఉందని ఏదో ఒక కొరియన్ హైబ్రిడ్ పేరు తగిలిస్తే, రేపు మీరు పిల్ల మొక్క ఇచ్చిన పది ఇళ్లకీ అదే తప్పు పేరు పోతుంది. పువ్వు వచ్చేదాకా ఆగండి, పూస్తే సగం సందేహాలు తీరతాయి. కుండీ గోడ మీద పెన్సిల్‌తో రాస్తే ఎండకి చెరగదు, మార్కర్ పెన్ను ఒక్క వేసవికే వెలిసిపోతుంది.

ఫోన్‌పే తీసుకుంటారు, బండి పెట్టుకోవడానికి చోటుంది, మొక్కల్ని పేపర్లో చుట్టి జాగ్రత్తగానే ఇస్తారు. ఉదయం నీళ్లు పట్టకముందే వెళ్లండి, పొడి ఆకు మీదే మచ్చలూ పిండినల్లీ సరిగ్గా కనిపిస్తాయి. డిసెంబర్, జనవరిలో అయితే సరుకు ఎక్కువ, మొక్కకి సర్దుకోవడానికి టైమూ దొరుకుతుంది. ఏప్రిల్ తర్వాత మాత్రం ఎంత తక్కువకి ఇస్తామన్నా ఎచెవేరియా కొనకండి, హావర్థియా అయితే పర్లేదు.