విజయవాడ డిజైనర్లకు జాగ్రత్త: డబ్బు పడకుండా సీడీఆర్ (ఎవరైనా మార్చుకోగల అసలు డిజైన్) ఫైల్ ఇవ్వకండి

విజయవాడ, గుంటూరుల్లో ఇంట్లో కూర్చుని డిజైన్ పనులు చేసుకునేవాళ్ళు ఇది చదవండి. బెజవాడలో ఒక బట్టల షాపు ఓనరు నాకు 23,000 రూపాయలు ఎగ్గొట్టాడు. పేరు రాయను. సంక్రాంతి బ్యానర్లకు ఇప్పుడు కొత్తవాళ్ళ కోసం వెతుకుతున్నాడు, అందుకే ఈ తొందర.

శ్రావణమాసం సేల్‌కు లోగో, క్యారీ బ్యాగు, నాలుగు ఫ్లెక్సీలు, ఇన్‌స్టా పోస్టులు కలిపి 28,000కి మాట్లాడుకున్నాం. అంతా నోటిమాటే. 5,000 అడ్వాన్స్ ఫోన్‌పే చేశాడు. మజ్జిగ తెప్పించి, "మనలో మనకు కాగితాలెందుకు తమ్ముడూ" అన్నాడు. ఆ మజ్జిగ ఖరీదు తర్వాత తెలిసింది.

జేపీజీలు పంపినన్నాళ్ళూ రోజుకు పది ఫోన్లు. ఒక రాత్రి పదిన్నరకు, "రేటు ఒక్కటి మార్చాలి, మా ప్రెస్ అబ్బాయి మార్చుకుంటాడు, సీడీఆర్ పంపెయ్" అన్నాడు. పంపాను. ప్రెస్‌లో అనూ అనే తెలుగు ఫాంట్ లేక అక్షరాలు చెడిపోతాయేమోనని, రేటు అంకెలు తప్ప మిగతావన్నీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంట్ అక్కర్లేని గీతల్లోకి, మార్చి మరీ పంపాను! మర్నాటి నుంచి ఫోన్ ఎత్తలేదు. మూడో రోజుకు బందరు రోడ్డు మీద నా ఫ్లెక్సీ కట్టి ఉంది.

నాలుగుసార్లు షాపు చుట్టూ తిరిగాక సెప్టెంబర్ 10 తేదీతో చెక్కు ఇచ్చాడు. "నేను చెప్పేదాకా బ్యాంకులో వెయ్యకు" అన్నాడు. దసరా అయ్యాక అన్నాడు, దీపావళి అన్నాడు, కార్తీకంలో గిరాకీ లేదన్నాడు. డిసెంబర్ మూడో వారంలో విసుగొచ్చి బ్యాంకుకు వెళ్తే, కౌంటర్లో మేడమ్ తేదీ మీద వేలు పెట్టి చూపించారు. చెక్కు మూడు నెలలే చెల్లుతుంది. గడువులోపు వేసి అది బౌన్స్ అయి ఉంటే, చెక్కు తిప్పి పంపినట్టు బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో ఆయనకు నోటీసు పంపి, అది అందాక 15 రోజుల్లో డబ్బివ్వకపోతే చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) సెక్షన్ 138 కింద కేసు వేసే దారి ఉండేది. ఆ దారి మూసెయ్యడానికే ఆపించాడని నా అనుమానం. అనుమానమేంటి, నమ్మకమే.

ఇంకో తప్పు నాదే. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ముందే చేయించుకోలేదు. అది ఉంటే 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా డబ్బివ్వాలి. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ. ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ప్రభుత్వ సైట్లో రిజిస్ట్రేషన్ ఉచితం, ఏజెంట్లకు డబ్బు పొయ్యకండి. పని అయిపోయాక నంబరు తెచ్చుకుంటే పాత బిల్లుకు అక్కరకు రావడం కష్టమని మా ఆడిటర్ అన్నారు.

సివిల్ దావాకు మూడేళ్ళ గడువుంది కాబట్టి వాట్సాప్ చాట్ మొత్తం దాచాను. లాయరు ఫీజు లెక్కేస్తేనే నవ్వొస్తోంది.

ఇప్పుడైతే సగం ముందు, మిగతాది పడ్డాకే సీడీఆర్ ఫైల్. అప్పటిదాకా అడ్డంగా నా పేరు వేసిన చిన్న సైజు జేపీజీనే. దీనికి ఇద్దరు కస్టమర్లు పోయారు, పోనివ్వండి.

మొన్న ఆయనే ఫోన్ చేశాడు. "సంక్రాంతి బ్యానర్లు చేసిపెట్టు తమ్ముడూ, పాతదీ కొత్తదీ కలిపి ఇచ్చేస్తా." ముందు పాతది వెయ్యండి సార్ అన్నాను. "ఈ కాలం కుర్రాళ్ళకు నమ్మకాల్లేవు" అని పెట్టేశాడు.