మోడల్ రైల్వేకి ఆటోమేటిక్ సిగ్నల్ కిట్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు లేఅవుట్ ఉన్నవాళ్లందరికీ మనవి. నా 38 వేలు పోయాయి. మీవి పోకూడదని రాస్తున్నాను.

మల్కాజిగిరిలో మా మేడ మీద గదిలో 12 అడుగుల లేఅవుట్ ఉంది, డీసీసీ మీద నడుస్తుంది, అంటే పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఒక్కో ఇంజన్‌కి విడిగా డిజిటల్ ఆదేశాలు వెళ్తాయి. నాలుగు బ్లాకులకు (పట్టాల భాగాలకు) సిగ్నళ్లు, ఎరుపు పడితే బండి దానంతట అదే ఆగే ఏర్పాటు కావాలని సిటీలోనే ఉండే ఒకతన్ని పిలిచాను. "అచ్చం కవచ్ లాగే పనిచేస్తుంది సార్" అన్నాడు. కవచ్ అంటే రైళ్లు గుద్దుకోకుండా దానంతట అదే బ్రేక్ వేసే మన రైల్వే వ్యవస్థ. అంతా బిగించి ఒక్క ఇంజన్ నడిపి చూపించాడు. ఎరుపు దగ్గర టక్కున ఆగింది. ఆ సంతోషంలో మిగతా డబ్బు అప్పుడే ఇచ్చేశాను.

మర్నాడు ఆరు పెట్టెల రేక్ తగిలించాం. ఇంజన్ బ్లాక్ దాటిందో లేదో, వెనక సిగ్నల్ పచ్చ పడింది. "నాన్నా, వెనక పెట్టెలు ఇంకా ఇక్కడే ఉన్నాయి కదా!" అని మా అబ్బాయి అరిచేలోపే రెండో బండి వచ్చి గుద్దేసింది. చివరి పెట్టె కప్లింగ్ విరిగి పట్టాల మధ్య పడింది.

కారణం ఇది. అసలు రైల్వేలో ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట ఏ పెట్టె ఇరుసైనా రెండు పట్టాలనూ కలిపేస్తుంది, బండి ఉన్నట్టు తెలిసిపోతుంది. మన మోడల్ పెట్టెల్లో చక్రాలు ఇన్సులేట్ చేసి ఉంటాయి, లేకపోతే షార్ట్ అవుతుంది. అతను పెట్టింది కరెంటును బట్టి బండిని పసిగట్టే డిటెక్టర్. కరెంటు లాగేది ఇంజనే కాబట్టి, లైట్లు లేని పెట్టెలు దానికి లేనట్టే. ఇరుసుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అతికిస్తే 14 వోల్టుల దగ్గర 1.4 మిల్లీయాంపులు పారతాయి. మంచి డిటెక్టర్‌కి అది చాలు. అతను ఈ మాటే ఎత్తలేదు. ఫోన్ చేస్తే, "పెట్టెలు మీవి సార్, నాకేం సంబంధం?" అన్నాడు. ఆ మాటకు చాలా బాధేసింది.

ఇంకోటి, ఎరుపు దగ్గర ఆగినప్పుడు ఇంజన్ సౌండ్ కూడా ఆగిపోయేది. డెమోలోనే నేను పట్టుకోవాల్సింది. డీసీసీలో ఆగిన ఇంజన్ గుడగుడమంటూనే ఉండాలి. ఇతను రిలేతో ఆ బ్లాక్ కరెంటు పీకేస్తున్నాడంతే. కవచ్ అయితే బ్రేక్ వేసి ఆపుతుంది.

అన్నిటికంటే భయపెట్టింది మూడోది. పట్టాలకు కరెంటు ఇచ్చే నా పాత బూస్టర్ తీసేసి తనది పెట్టాడు. పాయింట్ (పట్టాలు చీలే చోటు) మీద బండి పట్టాలు తప్పి షార్ట్ అయితే అది ట్రిప్ కాలేదు. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చి పరుగెత్తేసరికి రెండు స్లీపర్లు కరిగిపోయి ఉన్నాయి. గదిలో ఎవరూ లేకపోతే ఏమయ్యేదో.

అందుకే డెమోకి మీ పొడవైన రేక్‌తోనే నడపమనండి. చివరి పెట్టె దాటేదాకా వెనక సిగ్నల్ ఎరుపే ఉండాలి. తర్వాత ప్రతి బ్లాక్‌లోనూ, ముఖ్యంగా బూస్టర్‌కి దూరంగా ఉన్న చివర, రెండు పట్టాల మీద రూపాయి బిళ్ల అడ్డంగా పెట్టండి. వెంటనే ట్రిప్ కాకపోతే ఒక్క పైసా ఇవ్వకండి.

ఇప్పుడు నా పాత బూస్టరే మళ్లీ పెట్టుకున్నాను. కోఠి గుజరాతీ గల్లీ నుంచి రెసిస్టర్లు తెచ్చి ఇరుసులకు అతికిస్తున్నాం, ఒక రేక్ అయింది. అతని డిటెక్టర్ ఆ రేక్‌ను కూడా పట్టలేదు, అది కూడా మార్చాలి. "కవచ్ లాగే" అని మీకూ ఎవరైనా కొటేషన్ ఇచ్చి ఉంటే, అడ్వాన్స్ వేసే ముందు నాకు మెసేజ్ పెట్టండి. ఆదివారం మా ఇంటికి వస్తే కరిగిన స్లీపర్లు, ఆ బూస్టర్ చూపిస్తాను.