తేమ సెన్సర్ ఉన్న స్ప్రింక్లర్ టైమర్ లాన్‌కి పనికొస్తుందా?

మామూలు టైమర్‌కి వాన పడిందా, ఎండ కాసిందా అన్నది పట్టదు. వేళ కాగానే నీళ్లు వదిలేస్తుంది. ఈ సెన్సర్ టైమరైతే మట్టిలో చాలినంత తేమ ఉంటే ఆ పూట తడి ఆపేస్తుంది. మా బెర్ముడా గడ్డికి బాగా కుదిరింది. సెన్సర్‌ని వేళ్లుండే లోతులో పాతాలి, నేను 10 సెం.మీ. దగ్గర పెట్టాను. చుట్టూ మట్టి గట్టిగా అదమాలి, గాలి సందుంటే తప్పుడు లెక్క చూపిస్తుంది.

అన్నిటికంటే నచ్చింది విడతల సెట్టింగ్. బంకమట్టి నీళ్లు మెల్లగా పీలుస్తుంది కదా, 20 నిమిషాలు ఏకబిగిన పెడితే కాలిబాట మీదకి పారేది. ఇప్పుడు ఏడేసి నిమిషాలు మూడు విడతలు, మధ్యలో అరగంట విరామం. అదీ తెల్లవారుజామునే, అప్పుడైతే ఆవిరయ్యేది తక్కువ.

యాప్ మాత్రం విసుగు. వైఫై పోతే షెడ్యూల్ మార్చలేం, టైమర్ మీద ఒక్క బటనూ లేదు! నాజిళ్లు సమంగా చల్లకపోతే సెన్సర్ కూడా ఏం చేయలేదు. గడ్డి మీద అక్కడక్కడా ఒకే సైజు డబ్బాలు పెట్టి, ఏది ఎంత నిండిందో చూశాకే కొనండి.

చిన్న లాన్‌కైతే ఇదంతా అనవసరం. పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, సులువుగా దిగితే ఇవాళ నీళ్లక్కర్లేదు.