2-క్లోరోట్రైటైల్ రెజిన్‌పై అమైన్లు: చాలాకాలం వాడాక

రెజిన్ అంటే అణువులను అతికించి, వాటిపై పని చేసుకునే ఘన పూసలు. 2-క్లోరోట్రైటైల్ రకాన్ని బార్లోస్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం పెప్టైడ్ ఆమ్లాల (ఒక కొన ఆమ్లంగా ఉండే పెప్టైడ్ల) కోసం తెచ్చింది. మేం మాత్రం పైపరజీన్, 1,3-డయామినోప్రొపేన్ లాంటి డయామీన్లకే (రెండు అమైన్ కొనలున్నవాటికే) ఎక్కువ వాడుతున్నాం. ఒక కొనను రెజిన్ పట్టుకుంటే రెండో కొన మీద పని చేసుకోవచ్చు. ఆ పనికి దీన్ని మించింది మాకు దొరకలేదు.

మా కొలత: లోడింగ్ (అణువులు అతుక్కునే చోట్ల లెక్క) గ్రాముకు 1.5 మిల్లీమోల్ ఉన్న రెజిన్ 1 గ్రాము, తేమ లేని డీసీఎం (డైక్లోరోమీథేన్ ద్రావణి) 10 మి.లీ., పైపరజీన్ లోడింగ్‌కు 5 రెట్లు, అంటే సుమారు 650 మి.గ్రా. డీసీఎంలో ఉబ్బిన రెజిన్‌ని అమైన్ ద్రావణంలోకి ఒక్కసారిగా వంపాలి. అమైన్‌ని చుక్కచుక్కగా పోస్తే మొదట్లో రెజిన్‌దే పైచేయి. అప్పుడు ఒకే అణువు రెండు కొనలతోనూ అతుక్కుంటుంది, లోడింగ్ సగానికి పడిపోవచ్చు. రెండు గంటలు కుదిపాక 1 మి.లీ. మిథనాల్ పోసి 15 నిమిషాలు ఉంచితే మిగిలిన క్లోరైడ్ మూసుకుపోతుంది.

కొత్తవాళ్లు దెబ్బతినేది కోతలో, అంటే అణువును రెజిన్ నుంచి విడదీసేటప్పుడు. పుస్తకాల్లో 1 శాతం టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఎసిటిక్ ఆమ్లం) చాలంటారు. అది ఆమ్లాలను విడదీసే లెక్క. 10 మి.లీ.లో 1 శాతమంటే 1.3 మిల్లీమోలే, దాన్ని 1.5 మిల్లీమోల్ అమైనే మింగేస్తుంది. అణువులో ఇంకో క్షార నత్రజని ఉంటే చెప్పక్కర్లేదు. మేం 5 శాతం టీఎఫ్ఏ, పది నిమిషాల చొప్పున మూడుసార్లు వాడతాం. రెజిన్ ఎర్రబడిందంటే ట్రైటైల్ కేటయాన్ పుట్టినట్టే, కానీ ఆ రంగును చూసి పని అయిపోయిందనుకోవద్దు. వెంటనే వడపోసి, డీసీఎం–మిథనాల్‌తో కడగాలి. రెజిన్ ఉండగానే ఆవిరి చేస్తే, ఆమ్లం తగ్గేకొద్దీ అమైన్ తిరిగి అతుక్కునే ప్రమాదం ఉంది. చేతికొచ్చేది టీఎఫ్ఏ లవణం. ఒక్కో నత్రజనికి 114 బరువు అదనం కాబట్టి, 100 శాతం దాటిన దిగుబడి చూసి సంబరపడొద్దు.

లోపాలు లేకపోలేదు. బాక్ రక్షణ (అమైన్‌ని కప్పి ఉంచి, టీఎఫ్ఏతో తీసే తొడుగు) దీనిపై తీయలేం, టీఎఫ్ఏ పడగానే లింకర్ (అణువును రెజిన్‌కు కలిపే భాగం) కూడా తెగుతుంది. అందుకే టీఎఫ్ఏ లేకుండా తీయగల ఎఫ్‌మాక్, ఆలాక్ తొడుగులతో సరిపెట్టుకోవాలి. తేమ దీనికి గిట్టదు: ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు, లేదంటే క్లోరైడ్ కాస్తా కార్బినాల్ అవుతుంది. థయోనిల్ క్లోరైడ్‌తో తిరిగి బతికించొచ్చు.

చివరికి కావలసింది ద్వితీయ అమైడ్ అయితే ఇది వద్దు, బీఏఎల్ (బ్యాక్‌బోన్ అమైడ్) లింకర్ మేలు. దాని ఆల్డిహైడ్‌పై రిడక్టివ్ అమినేషన్ (అమైన్‌ని కలిపి క్షయకరణం), తర్వాత ఎసైలేషన్ (ఆ అమైన్‌ని అమైడ్‌గా మార్చడం), 95 శాతం టీఎఫ్ఏతో కోత. ఎసైలేషన్ పూర్తి కాని చోట అమైన్ ప్రోటాన్ పట్టి రెజిన్‌పైనే ఉండిపోతుంది. అందువల్ల వచ్చిన పదార్థం శుభ్రంగానే ఉంటుంది, దిగుబడే తగ్గుతుంది. మిగిలిన అమైన్‌ని రంగుతో చూపే క్లోరానిల్ పరీక్షలో రంగు రాకపోయాకే కోతకు వెళ్లండి.